ముప్పైఎనిమిది మోడలు

పప్పుగిన్నెలో బోల్టులు నానబెట్టవద్దని తొమ్మిదేళ్ళుగా మొత్తుకుంటున్నాను. మా ఇంట్లో పెద్ద గిన్నెలు రెండే. ఒకదానిలో పప్పు ఉడుకుతుంది. రెండోదానిలో మా ఆయన కిరసనాయిలు పోసి తుప్పు పట్టిన బోల్టులు వేస్తాడు. ఒకనాడు పొద్దున్న కరెంటు లేదు. మసక వెలుతురులో నీళ్ళగిన్నె అనుకుని కందిపప్పు తీసుకెళ్ళి ఆ బోల్టుల మీద పోశాను. మా ఇంట్లో ఆ కంపు ఎప్పుడూ ఉండేదే కనక ముక్కు కూడా నాకు చెప్పలేదు.

“ఓర్నాయనో, నా బోల్టులే!” అంటూ పరిగెత్తుకొచ్చాడు మా ఆయన. గిన్నెలో చెయ్యిపెట్టి ఒక్కొక్కటే ఏరుకుని, లుంగీకి తుడిచి, వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. “పప్పుకేటే, సాక్చి బజార్లో ఎంత కావలిత్తే అంత దొరుకుద్ది. ఈ బోల్టులు ఇండియా మొత్తం తిరిగినా దొరకవు.”

అరుగు మీంచి మా అత్త దాలమ్మ అంది: “పప్పు పారబొయ్యకమ్మా. నాలుగు నీళ్ళు కడిగి, ఇంత సింతపండు ఎక్కువెయ్యి. ఏటవ్వదు.”

కడిగాను. చింతపండు ఎక్కువే వేశాను. నేనూ, అత్తా, మా అమ్మాయి బేబీ అదే తిన్నాం. సాయంత్రం దాకా త్రేనుపుల్లో కిరసనాయిలే. ఆయన క్యారేజీలో మాత్రం రాత్రి మిగిలిన వంకాయ కూర సర్దాను, డ్యూటీలో కడుపునొప్పి వస్తే ఎలా అని. ఆ బుద్ధి నాకు ఎవరు పెట్టారో నాకే తెలియదు.

మాది బాగ్‌బేరాలో రైల్వే క్వార్టరు. ఒకటిన్నర గది, వెనక పెరడు. మా ఆయన పోలరాజు టాటానగర్ లోకోషెడ్డులో ఫిట్టరు. పెరడంతా రేకుల షెడ్డు, ఆ షెడ్డులో కారు. ఆస్టిన్, ముప్పైఎనిమిది మోడలు. ఎవరో ఇంగ్లీషు దొర వెళ్ళిపోతూ వదిలేసిన బండి అది. డెబ్బైరెండులో మేం చూసేనాటికి ఒక బంగళా వెనక కోళ్ళగూడుగా పడి ఉంది. ముందు సీటు మీద ఒక పెట్ట పొదుగుతోంది. దాన్ని లేవగొట్టి లోపలికి చూసినప్పుడు ఆయన కళ్ళు మెరిసిన మెరుపు నాకు బాగా గుర్తు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు మాత్రం అలా మెరవలేదు.

మా నాన్న పెళ్ళికి ఇచ్చిన కుట్టుమిషను అమ్మి దాన్ని కొన్నాడు. “మిషనుకేటే పద్మా, రేపు ఒకటికి రెండు కొంటాను” అన్నాడు. ఆ రేపు ఇప్పటికీ రాలేదు. ఆ మిషను మీద కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేదాన్ని. నా చేతిలో నాలుగు రూకలు ఆడేవి, ఎవరినీ అడక్కుండా బేబీకి రిబ్బను కొనేదాన్ని. మిషను పోయాక అదీ పోయింది. తమాషా ఏమిటంటే, ఆ కారుకు సీట్లు కుట్టాల్సి వచ్చింది. సాక్చి పాతసామాన్ల దుకాణంలో రెక్సిను తుక్కు ఏరుకొచ్చి నా ముందు పడేశాడు. మిషను ఉంటే రెండు రోజుల పని. చేత్తో గోనెసూది పెట్టి నలభై రోజులు కుట్టాను. లోపల కొబ్బరిపీచు, దాని మీద నా పెళ్ళినాటి పరుపులోంచి తీసిన దూది. కుట్టేటప్పుడు మాత్రం శ్రద్ధగానే కుట్టాను. అరకొర పని చేస్తే నాకు నిద్ర పట్టదు.

ఈ బాధ ఎవరికి చెప్పుకోను? పక్క క్వార్టరు సన్యాసమ్మ మొగుడు జీతం వచ్చిన రోజు సారా కొట్టు దగ్గర దొరుకుతాడు. ఆవిడ వీధిలో నిలబడి గుండెలు బాదుకుంటే నలుగురూ వచ్చి అయ్యో అంటారు. నేనేమని బాదుకోను? “నీకేటమ్మా, రాజాలాంటి మొగుడు. తాగడు, పేకాడడు, పరాయి ఆడదాని మొకం సూడడు” అంటుంది సన్యాసమ్మ. నిజమే. సినిమాకు కూడా వెళ్ళడు. డ్యూటీకి సైకిలు మీద వెళతాడు, పెట్రోలు ఖర్చవుతుందని. మొగుడు తాగుబోతు అయితే ఏడవొచ్చు. కారును చూసి ఎలా ఏడవాలో మా అమ్మ నాకు నేర్పలేదు.

మా ఇంట్లో పొదుపు నాది, సరదా ఆయనది. అలా పంచుకున్నాం. బొగ్గుపొడీ మట్టీ కలిపి ఉండలు చేసి ఎండబెట్టి పొయ్యిలో వాడతాను. టీపొడి పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మరుగుతుంది. నా చీర అంచు చిరిగితే తలకిందులు చేసి కట్టుకుంటాను, ఇంకా చిరిగితే అది కారు తుడిచే గుడ్డ అవుతుంది. కిరసనాయిలు కోసం రేషను షాపు ముందు మూడు గంటలు నిలబడేది నేను. తెచ్చిన దాంట్లో సగం బోల్టులకు. మిగతా సగంతో నెలంతా ఎలా వెళ్ళిందో ఆయన ఎప్పుడూ అడగలేదు. వెళుతోంది కదా, ఇంక అడగడం ఎందుకు?

అన్నింటికన్నా పెద్ద పని హ్యాండిలు తిప్పడం. కొత్త బ్యాటరీ కొనడం దండగ అంటాడు. పాతదానికి దీపం వెలిగేంత ఓపికే ఉంది, ఇంజను తిప్పే ఓపిక లేదు. అందుకని బండి ముందున్న కన్నంలో ఇనప హ్యాండిలు దూర్చి గిర్రున తిప్పాలి. ఆయన లోపల స్టీరింగు ముందు కూర్చుంటాడు, నేను బయట తిప్పుతాను. “లోపల కాలితో సేసేది తెలివైన పని. బయట ఉత్త బలమే కావాల” అంటాడు. మిగతా రోజుల్లో నాకు బలం లేదనీ, గోధుమపిండి బస్తా మోయలేననీ విసుక్కునేది కూడా ఆయనే.

మూడేళ్ళ కిందట ఒకసారి ఇంజను ఎదురు తన్నింది. హ్యాండిలు వెనక్కి తిరిగి నా మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అక్కడే మట్టిలో కూలబడిపోయాను. ఆయన దిగి పరిగెత్తుకొచ్చాడు. నా దగ్గరికే వస్తున్నాడనుకున్నాను. హ్యాండిలు తీసి కన్ను దగ్గర పెట్టుకుని చూశాడు. “ఒంకరపోనేదులే” అన్నాడు. ఆ తరవాతే నా చెయ్యి చూశాడు. బర్మామైన్స్ ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని వచ్చాను. రెండు నెలలు ఎడమచేత్తో వండాను. మూడో నెల మళ్ళీ హ్యాండిలు పట్టుకున్నాను. ఇప్పటికీ తడిబట్ట పిండితే ఆ మణికట్టు లాగుతుంది.

అయినా ఆ బండి మీద నాకు కోపం లేదు. చెబితే నవ్వుతారు కానీ, అదంటే నాకు ఇష్టమే. దాని దగ్గు విని ఏ గొట్టంలో మట్టి అడ్డం పడిందో చెప్పగలను. మొదటిసారి అది స్టార్టయి, నాలుగు నిమిషాలు ఆగకుండా గురగురలాడినప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తొమ్మిదేళ్ళలో ఏటా విశ్వకర్మ పూజ నాడు దండలు వేసి ఊళ్ళోకి తీసుకెళతాడు. నేను మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఒక ఏడు వాళ్ళ మేనమామ వచ్చాడు. ఒక ఏడు షెడ్డు వాళ్ళు ఎక్కారు. ఒక ఏడు పెట్రోలు చాలదు, బరువు తగ్గాలి అన్నాడు. నేను హ్యాండిలు తిప్పి, అది కదిలి వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వెళ్ళి గిన్నెలు తోముకునేదాన్ని.

ఈ ఏడు, ఎనభై ఒకటిలో, పూజకు పదిరోజుల ముందు హిందీ పేపరు మనిషి ఒకడు వచ్చాడు. రైల్వే ఫిట్టరు జీతంతో పాతకారు ఎలా పోషిస్తున్నారని అడిగాడు. మా ఆయన కాలు మీద కాలేసుకుని చెప్పాడు, అంతా ప్లానింగు అనీ, అవసరమైన చోటే ఖర్చు పెట్టాలనీ. నేను రెండుసార్లు టీ ఇచ్చాను, రెండోసారిది రెండోసారి మరిగిన పొడే. “మాయావిడికి ఏ సరదాలూ లేవు సాబ్. అదీ ఒక అదృష్టమే” అని నా వైపు చూసి నవ్వాడు కూడా. పేపరు వచ్చాక బేబీ గట్టిగా చదివింది, నాకు హిందీ చదవడం రాదు కనక. “పోలరాజు నే అపనే హాథోఁ సే...” అని ఆపి, మళ్ళీ మొదటి నుంచీ కళ్ళతో వెతికి, “మమ్మీ, ఆప్ కా నామ్ తో హై హీ నహీఁ” అంది. పోలరాజు తన చేతులతోనే చేశాడట, నా పేరే లేదట. దాని బడిలో సగం మందికి తెలుసు హ్యాండిలు తిప్పేది ఎవరో.

ఆ సాయంత్రం ఆయన మంచి ఊపు మీద ఉన్నాడు. ఇదే సమయం అనుకుని అడిగాను. తొమ్మిదేళ్ళలో నా కోసం నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

“పూజ నాడు నన్నూ బండెక్కించుకోండి.”

“ఓసి పిచ్చిదానా, దీనికి అడగాలేటి? ఈయేడు ఎనక సీట్లో నువ్వే. మాటిత్తన్నాను” అన్నాడు.

నమ్మాను. ట్రంకులోంచి నేరేడుపండు రంగు చీర తీసి, మడతల్లో చీకిపోయిందేమో చూసుకున్నాను. కొంగు దగ్గర ఒక చిరుగు ఉంటే కుట్టాను. ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను. ముప్పైనాలుగేళ్ళదాన్ని, సొంత మొగుడి బండి ఎక్కడానికి పెళ్ళికూతురిలా రోజులు లెక్కపెట్టుకున్నాను.

విశ్వకర్మ పూజ నాడు మా ఊళ్ళో ఎవరూ పనిముట్టు ముట్టరు. షెడ్లలో, గ్యారేజీల్లో సుత్తి నుంచి స్క్రూడ్రైవరు దాకా ముందురోజే కడిగి, ఆ వేళ దేవుడి పటం ముందు పెట్టి, బొట్లు పెట్టి దారం చుడతారు. మర్నాడు పొద్దున్న దాకా వాటికి విశ్రాంతి. వాహనాలు మాత్రం పూజ అయ్యాక తిప్పొచ్చు. ఈ నియమం విషయంలో మా ఆయన పట్టుదల మనిషి. ఒక ఏడు నేను ఊడిపోయిన మూకుడు పిడి బిగించడానికి ఆ రోజు పానా తీస్తే, ఆర్నెల్ల పాటు ఇంట్లో ఏం పాడైనా నా వల్లే అన్నాడు. మరి నా కత్తిపీట, రోలు, పొయ్యి వాటికి విశ్రాంతి లేదా అని మా అత్తను అడిగాను. “వొంటింటి సామాన్లు పనిముట్లేటే!” అని నోరు నొక్కుకుంది.

ఈసారి పేపరు మనిషి కెమెరాతో వస్తానన్నాడు కనక పూజ మా పెరట్లోనే, బండి ముందే పెట్టుకున్నాడు. “ఇంట్లో ఉన్న పనిముట్టల్లా తెచ్చి ఎట్టు. ఫొటోలో నిండుగా అవుపడాల. ఒక్కటీ వొదలకు” అని నాకు చెప్పి స్నానానికి వెళ్ళాడు. ఒక్కటీ వదల్లేదు. పానాలు, సుత్తులు, ఆకురాళ్ళు, జాకీ, ఏటా పూజకు రాకుండా సీటు కిందే ఉండిపోయే హ్యాండిలు, అన్నీ బూడిదతో తోమి వరసగా పెట్టాను. పంతులు అన్నిటికీ కుంకుమ పెట్టి ఎర్రదారం చుట్టాడు. అప్పుడు నా మనసులో ఏ దుర్బుద్ధీ లేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం అలవాటైపోయిన చేతులు అవి.

తెల్లవారుజాము నుంచీ పాతికమందికి ఖిచిడీ, కూర, టమాటా పచ్చడి వండుతున్నాను. బేబీ బడికి వెళ్ళిపోయింది. పదింటికి షెడ్డు ఫోర్‌మన్ గోవిందరావుగారు భార్యతో వచ్చారు. ఆయనకు పూజల మీద మహా గురి. కిందటేడు షెడ్డులో ఎవడో పూజలో ఉన్న సుత్తి కదిపాడని ఆ రోజుకు ఇంటికి పంపేశారట. హారతి అయింది. నేను గబగబా చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్ళి నేరేడుపండు చీర కట్టుకుని వచ్చాను.

మా ఆయన గుమ్మంలో ఎదురయ్యాడు. చీర చూశాడు. గొంతు తగ్గించాడు.

“పద్మా, ఫోర్‌మన్‌గారు ముందు కూకుంటారు. ఎనకాల ఆయన ఆవిడ, పేపరోడు. పేపరోడి కెమెరా సామానే బోలెడుంది. సోటు నేదు. వొచ్చే ఏడు సూద్దారిలే. అయినా నువ్వొచ్చేత్తే ఇంతమందికి ఒడ్డించేదెవలు?”

కొంగు నడుముకు దోపి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళాను. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఒళ్ళంతా ఒక్కసారిగా అలుపు వచ్చింది. పొద్దుటిది కాదు ఆ అలుపు. ఎన్నేళ్ళదో, ఎక్కడ దాక్కుందో, అంతా ఒకేసారి మీద పడింది. గోడకు చేరబడి, గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

పెరట్లోంచి పిలుపు వినిపించింది. “ఓలే పద్మా! బేగి రా, హ్యాండిలు తిప్పీ!”

అలవాటు కొద్దీ వెళ్ళాను. అందరూ ఎక్కి కూర్చున్నారు. బండికి బంతిపూల దండలు. మా ఆయన స్టీరింగు ముందు సిల్కు చొక్కాలో ఉన్నాడు. నేను ముందుకు వెళ్ళి కన్నం ముందు వంగాను. చెయ్యి ఖాళీగా ఉంది. తలెత్తి చూస్తే హ్యాండిలు పటం ముందు, నడుముకు ఎర్రదారంతో, కుంకుమబొట్టుతో హాయిగా పడుకుని ఉంది.

ఆయనకు కూడా అప్పుడే గుర్తొచ్చింది. ముఖం పాలిపోయింది. దిగి వచ్చి, బంపరు చూస్తున్నట్టు వంగి, నా చెవిలో అన్నాడు: “పంతులెల్లిపోనాడు. సాబు అటు తిరిగున్నప్పుడు లాగీసి అట్రా. మళ్ళీ అక్కడే ఎట్టీవొచ్చు.”

“మీరే తీసుకోండి” అన్నాను.

“నానెలా తీత్తానే అందరి ముందు? పనిముట్టు ముట్టుకున్నానంటే పరువుంటాదా? నువ్వయితే ఎవలూ పట్టించుకోరు.”

ఆ మాట అన్నది మా పోలరాజు. పరాయి ఆడదాని ముఖం చూడని రాజాలాంటి మొగుడు. నేను ముడితే అది ముట్టినట్టు కాదు. నేను తిప్పితే అది తిప్పినట్టూ కాదు, పేపర్లో రాదు. నేను విరిగినా అది విరగడం కాదు, వంకర పోయిందో లేదో చూడాల్సింది ఇంకోటి ఉంది. ఇన్నాళ్ళూ నాకు తెలియక కాదు. ఎవరైనా నోటితో అనాలని ఎదురుచూస్తున్నానేమో.

నిటారుగా నిలబడ్డాను. అందరికీ వినిపించేలా అన్నాను: “ఈయాల పనిముట్టు ముట్టకూడదు కదండీ. దారం కట్టీసేరు. నాను ముట్టను.”

గోవిందరావుగారు బండిలోంచి తల బయటపెట్టి చూసి, పెద్దగా నవ్వారు. “ఏటయ్యా పోలరాజూ, హ్యాండిలు కూడా పూజలో ఎట్టీసినావా? బావుంది, బావుంది. ముట్టకండెవరూ. ధక్కా కొట్టి స్టార్టు సేద్దాం. నాను స్టీరింగు పడతాను, మా జీపుకి రోజూ ఇదే పని. నువ్వు దిగి తొయ్యి. బండి నీది, తోపుడూ నీదే!”

పై ఆఫీసరు మాట, ఎలా కాదంటాడు? సిల్కు చొక్కా చేతులు మడుచుకున్నాడు. షెడ్డు వాళ్ళు ఇద్దరు సాయం వచ్చారు. పేపరు మనిషి తోస్తుండగా ఫొటో తీస్తానని కెమెరాతో సహా దిగి ముందుకు పరిగెత్తాడు. వెనక సీట్లో అతను కూర్చున్న చోటు ఖాళీ అయింది.

బకెట్లో చేతులు కడుక్కున్నాను. కొంగుతో తుడుచుకున్నాను. తలుపు తీసి ఎక్కి కూర్చున్నాను.

“ఏటే ఇది? దిగు దిగు. బరువు!” అన్నాడు ఆయన వెనక నుంచి.

“మాటిచ్చేరు కదా” అన్నాను. తలుపు వేసుకున్నాను.

అరుగు మీంచి మా అత్త కేక పెట్టింది. “ఓలమ్మా, జనం కూకున్నారే! ఒడ్డించేదెవలే?”

“గరిటి గిన్నెలోనే ఉందత్తా” అన్నాను.

ఫోర్‌మన్‌గారి భార్య పక్కకు జరిగి చోటిచ్చింది. సీటు మీద అరచెయ్యి ఆనించి నొక్కి చూసింది. “ఎంత మెత్తగా ఉందమ్మా. కలకత్తాలో చేయించారా?”

“నేనే కుట్టానండి. చేత్తో” అన్నాను. పైకి ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. ఆవిడ కుట్ల వెంట వేలు పోనిచ్చి, నా ముఖంలోకి చూసింది.

బండి కదిలింది. పెరటి గేటు దాటింది. వెనక నుంచి తోపు ఒక్కో ఊపుగా వచ్చి నా వీపుకు తగులుతోంది. ఆయన రొప్పుతున్నాడు. “ఇంకా, ఇంకా” అంటున్నారు గోవిందరావుగారు. సన్యాసమ్మ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చి నోరు తెరుచుకుని చూసింది. వీధి పల్లంలోకి దిగగానే బండి ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, మూడో దగ్గుకు అందుకుంది. ఆ గురగుర నా కింద నుంచి, తొడల్లోంచి, వెన్నులోంచి పైకి పాకింది. ఇన్నాళ్ళూ బయట నిలబడి విన్న చప్పుడు లోపల ఇలా ఉంటుందని నాకు తెలియదు.

వెనక్కి తిరిగి చూశాను. సాయం వచ్చిన ఇద్దరూ ఆగిపోయారు. మా ఆయన ఒక్కడే పరిగెత్తుకొస్తున్నాడు, ఒక చెప్పు ఊడిపోయింది, చెయ్యి ఊపుతున్నాడు. బండి వేగం అందుకుంటోంది. గోవిందరావుగారు అద్దంలో చూసి అడిగారు: “ఆపమంటావేటమ్మా?”

“వొద్దండి” అన్నాను. “ఆపితే మళ్ళీ స్టార్టవదు.”

సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాను.